ఎడమవైపు స్టీరింగు

ఉప్పునీళ్ళలో దిగిన బండిని ఆ పూటే మంచినీళ్ళతో కడగాలి. రేపు కడుగుదాంలే అనుకునేవాళ్ళు సముద్రం పక్కన బండి పెట్టుకోకూడదు. పైన కడిగితే చాలదు. కింద పడుకుని స్ప్రింగు పట్టాల సందుల్లో, చక్రాల వెనక, చాసిస్ కమ్ముల లోపల, ఎక్కడెక్కడ ఇసుక చేరి ఉంటుందో అక్కడంతా నీళ్ళు కొట్టాలి. ఇసుక కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ ఇసుకనే కడుగుతారు. ఉప్పు కనిపించదు. బండిని తినేది అది.

ఈ మాటలు మా ఇంటాయనవి. నీళ్ళు మాత్రం నేను మోసినవి.

అరవైల మొదట్లో మేము ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోయే బండిదారిలో, సరుగుడు తోపు అంచున ఒక పూరింట్లో ఉండేవాళ్ళం. ఆయన మిషన్ ఆసుపత్రి జీపుకు డ్రైవరు. ఆసుపత్రి నెల్లూరులో ఉంది. జీపు మాత్రం మా ఇంటి దగ్గరే ఉండేది, ఎందుకంటే దానితో పని అంతా ఇటువైపు ఇసుకలోనే. టీకాలు వేసే నర్సమ్మ నెల్లూరు నుంచి బస్సులో ముత్తుకూరు వచ్చేది. ఈయన వెళ్ళి ఎక్కించుకుని, సముద్రం ఒడ్డు పల్లెలకు తీసుకుపోయి, సాయంత్రం బస్సుకు దింపేవాడు.

ఆ రోజుల్లో మాకు మంచినీళ్ళంటే దొరువు నీళ్ళే. దొరువు అంటే ఇసుకలో వెడల్పుగా గిన్నెలాగ తవ్విన గుంట. పైపైన మంచినీళ్ళు ఊరతాయి, అడుగున ఉప్పునీళ్ళు ఉంటాయి. కడవ ముంచితే రెండూ కలిసిపోతాయి. అందుకని టెంకాయ చిప్పతో పైనీళ్ళు మాత్రం మెల్లగా తీసి కడవ నింపాలి. నింపినాక మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. అట్లా నింపిన కడవలు నేను నెత్తిన పెట్టుకుని వస్తే, ఆయన వాటిని జీపు కింద కుమ్మరించేవాడు. నేను మాత్రం ఉప్పు తగిలే బావినీళ్ళతో స్నానం చేసేదాన్ని. నా జుట్టు కొబ్బరిపీచులా ఉండేది. జీపు చాసిస్ నిగనిగలాడేది.

నాకు ఆ జీపంటే కుళ్ళు. దాచేదేముంది. అందులో కూర్చునే నర్సమ్మంటే ఇంకా కుళ్ళు.

అది యుద్ధకాలపు బండి. అమెరికా సైన్యం వదిలేసి పోయిన వాటిని మద్రాసులో వేలం వేస్తే ఆసుపత్రివాళ్ళు ఒకటి తెచ్చుకున్నారు. వాళ్ళ దేశంలో బండ్లు రోడ్డుకు కుడిపక్కన పోతాయట. అందుకని దాని స్టీరింగు ఎడమవైపు ఉండేది. మన బస్సులకూ లారీలకూ కుడివైపు కదా. మా వైపు జనం జీపును దూరం నుంచి చూసి, కుడివైపు ఎవరుంటే వాళ్ళే తోలుతున్నారనుకునేవారు. అక్కడ కూర్చునేది నర్సమ్మ. తెల్లచీర, నల్లటి చేతిసంచి, వీపు నిటారు. ఈమె జీపు తోలుతుందని కృష్ణపట్నం దాకా పేరు పాకింది.

దొరువు దగ్గర ఆడవాళ్ళకు అది నన్ను ఏడిపించడానికి పనికొచ్చింది.

“ఏంమే, మీ ఆయన్ని నర్సమ్మ తోలుకుపోతా ఉండాదే?” అనేది ఒకామె.

“పోనీలేమే, సాయంత్రానికి మళ్ళీ తోలుకొస్తాది గదా,” అనేది ఇంకొకామె.

గొడ్లను తోలుకుపోయినట్టు నా మొగుణ్ణి తోలుకుపోతోందట. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను చిప్పతో నీళ్ళు తోడుకుంటూ కూర్చునేదాన్ని. ఆ నీళ్ళు ఆ బండికే.

అప్పుడు నా మనసులో ఒకటే కోరిక ఉండేది. ఆ జీపు ముందు సీట్లో కూర్చుని దొరువు పక్కనుంచి ఒక్కసారి పోవాలి. వీళ్ళందరూ తలెత్తి చూడాలి. ఒక్కసారి చాలు.

ఆయన్ని అడిగాను కూడా.

“రూలు లేదుమే,” అన్నాడు. “డ్రైవరు ఇంటోళ్ళు ముందు కూర్చోకూడదు. ఆసుపత్రోళ్ళు గట్టిగా చెప్పినారు.”

“ఎవురు చూస్తారయ్యా ఈడ?”

“చూస్తే ఉద్యోగం పోతాది. నువ్వేమన్నా ఇస్తావా జీతం?”

అంతే. ఆ మనిషికి రూలంటే రూలే. టైరులో గాలి విషయంలో ఎంత పట్టుదలో దీనిలోనూ అంతే.

గాలి సంగతి చెబుతాను. టైరు నిండా గాలి పెట్టి ఇసుకలోకి దిగితే అది కత్తిలా కోసుకుంటూ లోపలికి పోతుంది. దిగేముందు గాలి కొంత తీసెయ్యాలి. ఎంత తీయాలంటే, టైరు అడుగున పొట్ట అన్నం తిన్న పిల్లవాడి పొట్టలా కొంచెం బయటికి రావాలి. అప్పుడది ఒంటె పాదంలా పరుచుకుని ఇసుక మీద నడుస్తుంది. ఇంజను గట్టిగా అరిపించకూడదు. పొట్టి లివరు వేసి నాలుగు చక్రాలకూ బలం ఇచ్చి, ఆగకుండా, తొందరపడకుండా పోవాలి. చక్రం ఉత్తినే తిరుగుతోందని తెలిసిన క్షణం కాలు తీసెయ్యాలి. ఇంకా తొక్కితే తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి కొట్టాలి, లేకపోతే టైరు గోడలు వేడెక్కి చీలిపోతాయి. పంపు చేత్తో కొట్టేది. పొద్దున ఆయన ముత్తుకూరుకు బయల్దేరేముందు కొట్టింది నేను. నర్సమ్మ బస్సు దిగి వచ్చి కూర్చునే వేళకు టైర్లు బిర్రుగా ఉండేవి. ఎవరు కొట్టారని ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఆయన ఆ బండికి చాలా మార్పులు చేసుకున్నాడు. చిరిగిన టాపు తీసేసి పడవ తెరచాప గుడ్డతో కొత్తది కుట్టించాడు. సైలెన్సరు గొట్టాన్ని పైకి వంచి కట్టాడు, నీళ్ళలో దిగితే ఊపిరి ఆడాలని. రెండు తాటిపట్టెలు పక్కన బెల్టుతో బిగించి ఉంచేవాడు, చక్రం దిగబడితే కింద పెట్టడానికి. ముందు చాసిస్‌కు రెండు కొసలా రెండు కొక్కాలు కొట్టించాడు. బంపరుకు తాడు కట్టి లాగితే బంపరు వస్తుంది, బండి రాదు అనేవాడు.

బ్రేకుల్లో గాలి చేరితే తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కింద పడుకుని మర తిప్పాలి, ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి. రెండో మనిషి నేను. మా వాకిట్లో, కదలని జీపులో, ఎడమవైపు సీట్లో కూర్చునేదాన్ని. దాని కిందే పెట్రోలు ట్యాంకు. ఎండలో పెట్రోలు వాసన గుప్పున కొట్టేది.

“తొక్కు,” అనేవాడు కింద నుంచి.

“తొక్కినా.”

“వదలబాక. ఆఁ, ఇప్పుడు వదులు. మళ్ళా తొక్కు.”

తొక్కుతూ, వదులుతూ, నేను స్టీరింగు పట్టుకుని ముందుకు చూసేదాన్ని. ముందు మా కోళ్ళగంప, పిడకల గోడ. నర్సమ్మకైతే సముద్రం కనిపించేది.

ఒకసారి చాసిస్ తుప్పు పట్టడం మొదలైంది. ఆయన దిగులుపడ్డాడు. నేను చెప్పాను, పడవలకు రాసేది రాయమని. మా పుట్టింటివాళ్ళు పడవలోళ్ళు. చెక్కకు చేపనూనె రాస్తే ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో ఉంటుంది. ఇనుముకు మాత్రం ఎందుకు పనికిరాదు? ఆయన సొరచేప నూనె తెప్పించి, గుడ్డతో అడుగంతా పట్టించాడు. తుప్పు ఆగింది. వాసన మాత్రం ఆగలేదు. మరుసటి రోజు ముత్తుకూరులో బస్సు దిగిన నర్సమ్మ చేతిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“డ్రైవరన్నా, బండిలో ఏదైనా చచ్చిందేమో చూడండి.”

“ఏం చావలేదమ్మా. మందు పూసినాం.”

“ఏం మందండీ ఇది?”

“మా ఇంటామె చెప్పిన మందమ్మా.”

ఆమెది గుంటూరు వైపు. మాట చివర అండీ అనేది. ఆ అండీ వింటే కూడా నాకు మండేది. జీపు ఎక్కడ ఆపితే అక్కడ పిల్లులు చేరేవి. పల్లెల్లో టీకా వేస్తుంటే కింద పిల్లులు చాసిస్ నాకుతూ ఉండేవి. ఆమె ఆ నెలంతా ముక్కుకు గుడ్డ పెట్టుకునే తిరిగింది. నేను చెప్పింది తప్పు కాదు. చేపనూనె మంచిది. ఇప్పుడు కూడా ఎవరైనా అడిగితే అదే చెబుతాను. ఎండలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి బయటికి తీస్తే వాసన తగ్గుతుంది. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు.

పల్లెల్లో ఆడవాళ్ళు టీకా అంటే పారిపోయేవాళ్ళు. నేను పిలిస్తే వచ్చేవాళ్ళు, నేను వాళ్ళ మనిషిని కాబట్టి. అందుకని నర్సమ్మే ఆసుపత్రిలో అడిగి నన్ను వెంట తీసుకుపోవడం మొదలుపెట్టింది. సంతోషపడ్డాను. తీరా చూస్తే నా చోటు జీపులో కాదు. వెనక తగిలించిన ట్రైలరులో, మందుపెట్టెల మధ్య.

ఆ ట్రైలరు కూడా సైన్యానిదే. రేకు తొట్టిలా ఉండేది. లోతు నీళ్ళలో తేలుతుంది. అడుగున రెండు బిరడాలు ఉంటాయి. ఏటిలో దిగేముందు బిగించాలి, ఒడ్డెక్కినాక విప్పి చేరిన నీళ్ళు వదిలెయ్యాలి. ట్రైలరులో బరువెప్పుడూ ముందుకే ఉండాలి. వెనక బరువెక్కువైతే అది తోక ఆడించినట్టు ఊగి, ముందు బండిని కూడా ఊపుతుంది.

“ముందుకు జరిగి కూర్చోమే,” అనేవాడు ఆయన. “నువ్వు ఎనక్కి పోతే బండి ఊగతాది.”

నర్సమ్మ మనిషి. నేను బరువు.

ఆ రోజు ఉప్పుటేటికి అవతల, ఏటికీ సముద్రానికీ నడుమ ఉన్న పల్లెకు వెళ్ళాం. ఆటు సమయంలో ఏరు మోకాలి లోతు కూడా ఉండదు. పోటు వచ్చేలోగా తిరిగి దాటాలి. ఏటిలో దిగే ప్రతిసారీ ఆయన ఒడ్డున బండి ఆపి, బానెట్ ఎత్తి, ఫ్యాను బెల్టు వదులు చేసేవాడు. బెల్టు బిగువుగా ఉంటే ఫ్యాను తిరిగి నీళ్ళను ఇంజను మీదికే చిమ్ముతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు తడిస్తే ఇంజను అక్కడే ఆగిపోతుంది. దాని మీద గ్రీసు రాసిన ట్యూబు ముక్క చుట్టేవాడు. పోయేటప్పుడు ఇవన్నీ చేశాడు. అవతల గట్టెక్కి, ఆ ట్యూబు ముక్క విప్పి, బెల్టు మళ్ళీ బిగించాడు.

పల్లెలో ఆలస్యమైంది. తిరిగి ఏటి దగ్గరికొచ్చేసరికి నీళ్ళు ఎదురు తిరగడం మొదలైంది.

“డ్రైవరన్నా, ఇవ్వాళ నా బస్సు పోయినట్టేనండీ,” అంది నర్సమ్మ.

“నేనుండగా ఎట్టా పోతాదమ్మా,” అన్నాడు ఆయన నవ్వుతూ.

ఆ నవ్వు నాకు వెనక నుంచి కూడా కనిపించింది. బండి ఆపలేదు. బానెట్ ఎత్తలేదు.

“అయ్యా, బెల్టు,” అని అరిచాను. ఇంజను మోతలో వినపడలేదు. “బెల్టు వదల్లా నువ్వు,” అని మళ్ళీ అరిచాను. నర్సమ్మ వెనక్కి తిరిగి, నేనేదో సంతోషంగా పిలిచాననుకుని చెయ్యి ఊపింది.

నడిమి ఏటిలో ఫ్యాను నీళ్ళు చిమ్మిన చప్పుడు, రెండు దగ్గులు, అంతే. ఇంజను చచ్చిపోయింది.

ఆయన దిగి బానెట్ ఎత్తి, చొక్కా విప్పి డిస్ట్రిబ్యూటరు తుడిచాడు. ముందుకొచ్చి, నీళ్ళలో వంగి హ్యాండిలు పెట్టి తిప్పాడు. హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టాలి, పిడిని చుట్టి పట్టుకోకూడదు. ఇంజను ఎదురు తన్నితే పిడి జారిపోవాలి కానీ చేతిని తీసుకుపోకూడదు. కొత్తగా వచ్చే ప్రతి డ్రైవరుకూ ఆయన మొదట చెప్పే పాఠం అది. తొందరలో తనే పిడిని గుప్పిట పట్టాడు. అది ఎదురు తన్నింది. ఆయన మణికట్టు పట్టుకుని నీళ్ళలో కూలబడ్డాడు.

“చెయ్యి పోయిందిమే,” అన్నాడు. అరవలేదు.

నేను ట్రైలరులోంచి దూకాను. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. నా కొంగు చింపి ఆయన చేతికి కట్టు కట్టాను. నర్సమ్మ సీట్లోంచే ఎలా కట్టాలో చెప్పింది. ఒళ్ళో టీకామందు సీసాల పెట్టె ఉంది. అది తడిస్తే మందు పనికిరాదు. జీపు నేల మీదికి నీళ్ళొస్తే కాళ్ళు పైకి పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఆ వేళకు ఇవతలి ఒడ్డున ఉప్పుబండ్లు మూడు వచ్చాయి. రెండు బండ్లు విప్పి ఎడ్లను తోలుకొచ్చారు.

“ఏం డ్రైవరన్నా, పెట్రోలు తాగే బండికి గడ్డి తినేవి దిక్కయినాయే,” అన్నాడు ముసలి బండివాడు.

“ఈ మాట తర్వాత అందువులే. తాడుందా?” అన్నాడు మా ఆయన.

రెండో చేత్తో చూపిస్తూ పని చెప్పాడు. ముందు ట్రైలరు విప్పించాడు. దిగబడిన బండిని ట్రైలరుతో కలిపి లాగకూడదు, రెండూ రావు. అది తేలింది కాబట్టి నలుగురు మనుషులు తోసుకుంటూ ఒడ్డు చేర్చారు. తర్వాత చాసిస్ కొక్కాలకు రెండు తాళ్ళు కట్టించి, ఒక్కో తాడుకు ఒక జత ఎడ్లను కట్టించాడు. తాళ్ళ మధ్యలో తడిపిన గోనెసంచులు వేయించాడు. తాడు తెగితే పామై ఎగిరి మనిషిని కొడుతుంది. గోనె బరువుంటే కిందికే పడుతుంది. తాళ్ళ మధ్య ఎవరూ నిలబడొద్దన్నాడు.

“స్టీరింగు ఎవురు పడతారు?” అన్నాడు బండివాడు.

లాగే బండికంటే లాగించుకునే బండికే గట్టి చెయ్యి కావాలి. చక్రాలు కొంచెం వంకర తిరిగినా అడ్డం పడి ఇసుకను తవ్వుకుంటాయి. ఆయన చెయ్యి వేలాడుతోంది. అందరూ నర్సమ్మ వైపు చూశారు.

“అయ్యో, నాకు రాదండీ,” అంది.

“రోజూ తోలతా ఉండావంట గదమ్మా?” అన్నాడు బండివాడు.

“నేనెప్పుడు తోలానండీ? చూడండి, ఇటు పక్క స్టీరింగు చక్రమే లేదు,” అని తన ముందున్న ఖాళీ రేకు మీద అరచేత్తో కొట్టి చూపించింది.

బండివాడు వంగి చూశాడు. నమ్మినట్టు లేదు.

మా ఆయన నావైపు తిరిగాడు. “ఎక్కుమే.”

“యాడికి?”

“సీట్లోకి.”

“రూలు లేదన్నావే.”

“పోటొస్తా ఉంటే రూలేందిమే. ఎక్కు.”

“ముందు సీటేనా?”

“ముందు సీటే. ఎడం పక్క. ఎక్కవే తల్లీ.”

ఎక్కాను. ఆయన పక్కన నిలబడి చెప్పాడు. గేరు న్యూట్రల్లో ఉంచు. బ్రేకు తొక్కబాక. వేళ్ళు చక్రం లోపలికి పెట్టబాక, అది గిర్రున తిరిగితే విరిగిపోతాయి. రెండు జతల ఎడ్ల మధ్య ఖాళీని చూస్తా ఉండు, చక్రం అటే పెట్టు. నాకవన్నీ తెలుసు. వాకిట్లో పెడలు తొక్కుతూ ఎన్ని ఎండలు కూర్చున్నానో ఆ సీట్లో. తెలుసనలేదు. తలూపాను.

“కుదుపు లేకుండా,” అన్నాడు ఎడ్లవాళ్ళతో. “ముందు తాడు బిగువు కానీండి. బిగిసినాక లాగండి.”

తాళ్ళు బిగిశాయి. ముందు ఏమీ జరగలేదు. తర్వాత స్టీరింగు నా చేతుల్లో బతికున్న చేపలా కొట్టుకుంది. కుడి చక్రం దిగబడి ఉంది. నేను చాటతో చెరిగినట్టు స్టీరింగును ఇటు కొంచెం, అటు కొంచెం కదిపాను. చక్రం పక్కన ఇసుక జారింది, బండి ఒక జానెడు పైకి లేచింది. అప్పుడు నేరుగా పట్టాను. ఎడ్లు మోకాళ్ళ మీద పడి లేచాయి. బండి కదిలి, నీళ్ళు మా వెనక్కి పోవడం మొదలైంది. నా పక్కన నర్సమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. నేను చేయలేదు. నాకు తీరిక లేదు.

ఒడ్డెక్కాం. బండి ఆగబోతే ఆయన ఆపొద్దన్నాడు. ఇంటిదాకా ఇలాగే లాగించమన్నాడు, ఉప్పునీళ్ళు తాగిన ఇంజనును తిప్పితే పూర్తిగా పోతుందని. ట్రైలరును మూడో ఉప్పుబండి వెనక కట్టించి, తను చెయ్యి పట్టుకుని ఆ బండి ఎక్కాడు. నర్సమ్మ సీసాలు కదలకూడదని దిగలేదు. జతల ఎడ్లు ముందు, జీపు వెనక. ముందు సీట్లో నేను. దారి దొరువు పక్కనుంచే.

దూరం నుంచే చూశాను, ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరూ ఉన్నారు, నన్ను రోజూ ఏడిపించేవాళ్ళంతా. నేను వీపు నిటారుగా పెట్టాను. నా చీర బురద, జుట్టు బురద. కానీ చేతుల్లో స్టీరింగు ఉంది, బండి కదులుతోంది.

ఇంటికి వచ్చే దారిలో దొరువు కుడివైపు వస్తుంది.

“అమ్మో, నర్సమ్మ సూడండే,” అంది ఒకామె. “ఏటిలో మునిగిన జీపును ఎట్టా తోలుకొచ్చిందో.”

“ఒక చేత్తో మందులపెట్టె పట్టుకోని మరీ.”

“మొగోడు చెయ్యిరగ్గొట్టుకోని బండెక్కినాడు. ఆడమడిసి చూడు.”

నేను పొట్టిదాన్ని. నాకూ వాళ్ళకూ మధ్య నర్సమ్మ తెల్లచీర అడ్డం. వాళ్ళు నావైపు చూడనేలేదు. చూసిన ఒకామె కూడా, పనికి వెంట తెచ్చుకున్నారులే అన్నట్టు చూసి వదిలేసింది. చెయ్యి తీసి ఊపాలనిపించింది. తీస్తే చక్రం వంకర తిరుగుతుంది. తీయలేదు.

నర్సమ్మ మంచిదే. అదే నాకు ఇంకా మంట. ఆమె ఆ మాటలు విని వెంటనే అంది.

“నేను కాదండీ. ఈ అక్క తోలింది.”

“చూడుమే, ఎంత అణకువో,” అన్నారు వాళ్ళు. “పేరు కూడా పక్కనోళ్ళకే ఇస్తా ఉండాది.”

నిజం చెప్పినందుకు కూడా ఆమెకే పేరొచ్చింది.

ఇంటి దగ్గర జీపును విప్పి, ఉప్పుబండిలో ఆయన్నీ నర్సమ్మనూ ముత్తుకూరు బస్సుకు పంపాను. వాళ్ళు పోయాక నేనూ జీపూ మిగిలాం. పొద్దు ఇంకా ఉంది. కడవ తీసుకుని దొరువుకు పోయాను.

“ఏంమే, నర్సమ్మ జీపు తోల్తే నువ్వు చూసినావా?” అన్నారు.

“చూసినా. పక్కనే ఉండా,” అన్నాను. తర్వాత ఉండబట్టలేక, “తోలింది నేనే,” అన్నాను.

“ఆఁ ఆఁ. మొన్న రేవులో ఓడ తోలింది నేనే,” అంది ఒకామె. మళ్ళీ నవ్వారు.

నేను చిప్పతో పైనీళ్ళు తీసి కడవ నింపుకున్నాను. పోయి కుమ్మరించి మళ్ళీ వచ్చాను. చీకటి పడేలోగా స్ప్రింగు సందులు, చక్రాల వెనక, చాసిస్ లోపల అంతా కడిగాను. మొదటిసారి నేను కింద పడుకున్నాను. బండి మీద ప్రేమతో కాదు. నేను తోలిన బండి అది. దాన్ని ఉప్పు తినడం నాకిష్టం లేకపోయింది. ఇంజనులో ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే పాలు పోసిన టీ రంగు. అంటే ఇంజనులో నీళ్ళు చేరినట్టు. అట్లాంటప్పుడు పాత ఆయిలంతా వదిలేసి కొత్తది పోసి, కాసేపు తిప్పి, దాన్నీ వదిలేసి మళ్ళీ పోయాలి. మరునాడు ముత్తుకూరు నుంచి బస్సు మెకానిక్కు వస్తే, గేరుపెట్టెలో, వెనక ఇరుసు నడుమ గుండులో ఉన్న ఆయిలు కూడా మార్పించాను. ఇంజను బతికింది.

ఆదివారం మిషన్ గుడిలో పాస్టరు అయ్యగారు నర్సమ్మ ధైర్యం కోసం దేవుడికి స్తోత్రం చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. చేతికి సిమెంటు కట్టుతో మా ఆయన పక్క వరసలోంచి నన్ను చూశాడు. బయటికొచ్చాక అడిగాడు.

“ఆమెన్ అన్లేదేమే?”

“నువ్వు అన్నావు గదా. సరిపోతాది.”

“నువ్వు తోలినావని నాకు తెలుసు గదుమే.”

“నీకు తెలిస్తే ఏం లాభం? దొరువుకు వచ్చేది నువ్వా నేనా?”

ఆ తర్వాత కడవలు తను మోయడం మొదలుపెట్టాడు, చెయ్యి మానినాక. మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఒక కడవే మోయగలిగేవాడు. రెండోది నేనే.

నర్సమ్మ మళ్ళీ వచ్చినప్పుడు సీటు పక్కన నిలబడి, ఎక్కకుండా నాతో అంది.

“అక్కా, ఆసుపత్రిలో అడిగి ఒప్పించాను. నువ్విక్కడ కూర్చో. నేను ట్రైలరులో కూర్చుంటాను.”

నేను ఏళ్ళ తరబడి చూసిన సీటు. కుడివైపు సీటు. దాని ముందు ఏమీ లేదు, ఖాళీ రేకు. అందులో కూర్చుంటే దొరువు దగ్గర అందరూ చూస్తారు, నేనే తోలుతున్నాననుకుంటారు కూడా. నాకు వద్దనిపించింది.

“వద్దులే నర్సమ్మా,” అన్నాను. “ఆ సీట్లో పనేమీ లేదు.”

ఆమె మొహం చిన్నబోయింది. నేను ట్రైలరు ఎక్కి, ముందుకు జరిగి కూర్చున్నాను.

ఆమె ఎక్కడికో బదిలీ అయిపోయింది. జీపు ఇంకొన్నేళ్ళు నడిచింది. చాసిస్ మాత్రం ఆఖరిదాకా గట్టిగానే ఉంది. మా ఆయన పోయాక, అరవై దాటిన వయసులో, ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పే సాయంత్రపు బడిలో నేను పలక పట్టాను. దొరువు దగ్గర నవ్వినవాళ్ళలో ఇద్దరు నా పక్కనే కూర్చుని అ ఆలు దిద్దారు. ఇప్పటికీ వాళ్ళు నర్సమ్మ జీపు తోలిన కథ మనవళ్ళకు చెబుతారు. నా ముందే చెబుతారు. వాళ్ళకు చదవడం వచ్చు కాబట్టి ఇది రాశాను.

ఆ జీపు స్టీరింగు ఎడమవైపు. ఎడమవైపు కూర్చున్నది నేను.